పిట్ట ఆనవాలు: సీమ మెట్టల్లో అరుదైన పక్షిని పోల్చుకోవడం

కలివికోడి గురించి లోకానికి తెలిసిన సంగతుల్లో ఎక్కువ భాగం దాన్ని ఎదురుగా చూడకుండా తెలుసుకున్నవే. 27 సెంటీమీటర్ల పొడవుండే ఈ పిట్ట పగలంతా ముళ్లపొదల నీడలో మెదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాకే మేతకు బయల్దేరుతుంది. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, గొంతు దగ్గర కావిరంగు మచ్చ, రాత్రి సంచారానికి తగ్గ పెద్ద కళ్లు దాని గుర్తులు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ పంపిన నమూనా ఆధారంగా 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ దాన్ని చూసినట్టు ఒక నమోదు ఉంది. ఆ తర్వాత వెదికినవాళ్లకు వెదికినంత అలుపే మిగిలింది. చివరికి అంతరించిన జాబితాలో చేర్చినంత పని చేశారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర కథ మలుపు తిరిగింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఆ చుట్టుపక్కల ఊళ్లలో వాకబు చేస్తుండగా, స్థానిక వేటగాడొకరు రాత్రిపూట టార్చి వెలుగులో ఆ పిట్టను పట్టి తెచ్చాడు. పట్టిన పిట్ట ఎన్నో రోజులు బతకలేదు కానీ, జాతి మాత్రం బతికే ఉందని తేలిపోయింది. శాస్త్రవేత్తలకు 86 ఏళ్ల పాటు కనిపించని పక్షికి ఆ ఊళ్లలో పేరుంది, దాని అలవాట్లు తెలిసిన మనుషులున్నారు. 'మళ్లీ కనుగొన్నారు' అని పుస్తకాలు రాస్తాయి. ఎవరి లెక్కలో పోయింది, ఎవరి లెక్కలో దొరికింది అన్న ప్రశ్న మాత్రం సాధారణంగా వేయవు.

దొరికిన రెండేళ్లకు, 1988లో, అదే జిల్లాలోని లంకమల అడవిని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. తెలుగుగంగ కాలువ దారిని సైతం ఈ పిట్ట కోసం మార్చాల్సి వచ్చింది. ఇదంతా జరిగినా పిట్టను చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరి ఎక్కడుందో, ఎంత మేర తిరుగుతుందో తెలుసుకోవడం ఎలా? పరిశోధకులు పట్టిన దారి పాత వేటగాళ్ల దారే. పొదల నడుమ ఖాళీ జాగాల్లో మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, సాయంత్రం నున్నగా చదును చేసి, తెల్లారి వచ్చి అడుగుల గుర్తులు చూశారు. కలివికోడి కోర్సర్ అనే జాతి పిట్ట. ఆ జాతి పిట్టలకు వెనక వేలు ఉండదు, ముందుకు మూడు వేళ్లే. అదే నేల మీద చితవలు, పూరేడు పిట్టలు, ఇంకా నేల మీద పరుగెత్తే పిట్టలెన్నో తిరుగుతాయి. వాటి అడుగుల నుంచి కలివికోడి అడుగును విడదీయాలంటే కంటి చూపు చాలదు, వేళ్ల పొడవు కొలిచి చూడాలి. ఈ పద్ధతి 2002లో శాస్త్రపత్రికకెక్కింది. 2004లో దాని కూత రికార్డింగులు తొలిసారిగా ప్రచురితమయ్యాయి. రెండేసి స్వరాలుగా వినిపించే ఆ పొట్టి కూత తెలిశాక, పొద్దుగూకే వేళ అడవి అంచున నిలబడి వినడం కూడా ఒక వెదుకులాట అయింది.

ఇంకో ఆధారం మరీ విచిత్రమైన చోట దొరికింది. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది. అనంతపురానికి మరీ దూరం కాని కోలారు బంగారు గనుల దగ్గర 1917లో సేకరించినది. దాదాపు శతాబ్దం తర్వాత డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అది కలివికోడి గుడ్డేనని రుజువైంది. అంతరించిందని లోకం అనుకుంటున్న కాలంలో ఆ పిట్ట కోలారు వైపు గుడ్లు పెడుతోందన్నమాట. ఇక 2025 ఆగస్టులో, ఏళ్ల తరబడి జాడ లేని తర్వాత, కడప జిల్లాలో పక్షి పరిశీలకులకు మళ్లీ దాని కూత రికార్డింగు దొరికింది.

పాదముద్ర, కూత, పెంకు. ఈ పిట్ట చరిత్రలో మలుపులు తిప్పినవి ఎక్కువగా ఇవే. అరుదైన పక్షులను చూడటంలోని ఆనందం అంటే రంగురంగుల ఈకలు కళ్లారా చూడటం అని బయటివాళ్లు అనుకుంటారు. ఆ ఆనందం అబద్ధం కాదు, కానీ అది జంతుప్రదర్శనశాలలో టిక్కెట్టు కొన్నా దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఎండలో తిరిగే మనిషిని కట్టిపడేసేది వేరే ఉంది. కొద్దిపాటి సాక్ష్యం నుంచి 'ఇది ఫలానా పిట్టే, మరొకటి కాదు' అని తేల్చుకోవడం, ఆ తేల్చుకున్న మాట ఇంకొకరి ప్రశ్నలకు నిలబడటం. చూపుకు క్షణం చాలు. ఆనవాలు పట్టడానికి చాలాసార్లు ఆ క్షణం వెనక ఏళ్ల సాధన కావాలి.

ఆ సాధన అరుదైనవాటితో మొదలు కాదు. ఇంటి ముందు పిట్టతో మొదలవుతుంది. వానాకాలంలో చెరువుగట్టున వీపంతా ముదురు ఎరుపుతో మెరిసే కొంగ కనిపించగానే కొత్తవాళ్లు ఏదో దూరదేశపు పక్షి దొరికిందని ఫోటో తీసి పంపుతారు. అది గుడ్డికొంగ. ఏడాదిలో ఎక్కువ నెలలు బురదరంగులో, ఎవరూ పట్టించుకోకుండా మడిలో నిలబడి ఉండేదే, గుడ్లు పెట్టే కాలంలో ఆ రంగు కట్టుకుంటుంది. ఆడకోకిలదీ అదే కథ. మగది నల్లగా ఉంటుందని అందరికీ తెలుసు కనుక, తెల్లచుక్కలు, చారలతో ఉన్న ఆడదాన్ని డేగ అనుకునేవాళ్లు ఉన్నారు. రంగు ఒక్కటే నమ్మితే ఇలాగే అవుతుంది. వయసు, ఆడ మగ తేడా, రుతువు, వెలుతురు ఈ నాలుగూ ఒకే జాతిని నాలుగు రకాలుగా చూపిస్తాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రంగు కన్నా ముందు ఆకారం చూస్తారు: ముక్కు ఎంత, తోక ఎంత, కూర్చున్న తీరు ఏంటి, ఎగిరినప్పుడు రెక్కలు ఎలా పెట్టింది, నేల మీద నడిచిందా గెంతిందా.

తర్వాత చూసేది చోటు. రాయలసీమలో ఇది బాగా పనికొస్తుంది. ఇక్కడి నేల ఒక్క తీరుగా ఉండదు. బండరాళ్ల గుట్ట, ముళ్లకంప, శనక్కాయ చేను, ఎండిన వంక, నిండిన చెరువు అన్నీ రెండు మూడు మైళ్ల దూరంలోనే దొరుకుతాయి. ఒక్కో చోటికి ఒక్కో పిట్ట. పిగిలిపిట్టల సంగతే చూడండి. తోక కింద ఎర్రగా ఉండే మామూలు పిగిలిపిట్ట ఊళ్లో ప్రతి చెట్టు మీదా ఉంటుంది. పొదల్లో దాక్కుని గొంతు మాత్రం గలగలా వినిపించేది పొదపిగిలి. బూడిద కలిసిన ఆకుపచ్చ ఒళ్లు, కంటి మీద తెల్లటి కనుబొమ గీత దాని గుర్తులు. దానికి బాగా దగ్గరగా కనిపించే మూడోది పసుపుగొంతు పిగిలి. తల, గొంతు, తోక అడుగు పచ్చగా ఉంటాయి, కనుబొమ గీత ఉండదు. ప్రపంచంలో దక్షిణ భారతం తప్ప మరెక్కడా లేదు, ఆపదలో ఉన్న జాతుల్లో లెక్క. దీన్ని కూడా 1840ల్లో శాస్త్రలోకానికి చెప్పింది జెర్డనే. చెట్లు పొదలు మొలిచిన బండరాళ్ల గుట్టలంటే దానికి ఇష్టం. పెనుకొండ, హార్స్‌లీ కొండల లాంటి చోట్ల వెదికేవాళ్లు వెదుకుతారు.

ఇప్పుడొక పిట్ట పొదలోంచి దూసుకెళ్లింది, వెనక నుంచి ఆకుపచ్చ వీపు మాత్రమే కనిపించింది. ఏది? చదునునేల మీది పొద అయితే పొదపిగిలి అనుకోవడమే న్యాయం. గుట్ట నడినెత్తిన బండల మధ్య అయితే ఆగి, మళ్లీ బయటికొచ్చేదాకా కూర్చోవాలి. చోటు సాక్ష్యమే, కానీ తీర్పు కాదు. ఎందుకంటే గుట్ట మీద కూడా పొదపిగిలి ఉంటుంది. ఆ కూర్చునే అరగంటలో వచ్చే ఉత్కంఠే ఈ వ్యాపకానికి ప్రాణం. కనుబొమ గీత ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న కోసం ఎండలో మనిషి కూర్చుంటాడు. బయటివాళ్లకు ఇది పిచ్చిలా తోచడంలో వింత లేదు.

ఈ ప్రశ్న ఇంకా గట్టిగా ఎదురయ్యేది రోళ్లపాడులో. ఒకప్పుడు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఈ గడ్డినేల 1988లో అభయారణ్యమైంది. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లే. శీతాకాలంలో మధ్య ఆసియా వైపు నుంచి పిల్లిగద్దలు ఇక్కడికి దిగుతాయి. పగలంతా చేల మీద, గడ్డి మీద బాగా కిందుగా, రెక్కలు కొంచెం పైకెత్తి తేలుతూ మిడతలను, ఎలుకలను, చిన్న పిట్టలను పడతాయి. సాయంత్రం గడ్డిలో ఒకచోట చేరి నేల మీదే నిద్రపోతాయి. మంచి రోజుల్లో రోళ్లపాడులో అవి వందల్లో చేరేవి.

వాటిలో ప్రధానంగా రెండు రకాలు, మాంటేగు హారియర్, పాలిడ్ హారియర్. మగవాటిని విడదీయడం కుదురుతుంది. రెండూ బూడిదరంగే అయినా మాంటేగు రెక్క మీద అడ్డంగా నల్లగీత ఉంటుంది, పొట్ట పక్కల ఎర్రటి చారలుంటాయి. పాలిడ్ దాదాపు తెల్లగా, రెక్క కొసన మాత్రం సన్నటి నల్లటి చీలికతో ఉంటుంది. అసలు చిక్కు ఆడవాటితో, పిల్లలతో. రెండు జాతుల్లోనూ అవి గోధుమరంగే, రెండింటికీ తోక మొదట తెల్లమచ్చే. పాలిడ్‌కు మెడ చుట్టూ లేతరంగు పట్టీ, దాని వెనక ముదురు పట్టీ స్పష్టంగా ఉంటాయి. ఈ పట్టీ కనిపించాలంటే పక్షి దగ్గరగా రావాలి, ఎండ సరైన వైపు నుంచి పడాలి, తల తిప్పాలి. మూడూ కలిసిరావడం అరుదు. అప్పుడు నిజాయితీగల పరిశీలకుడు తన పుస్తకంలో 'పిల్లిగద్ద, జాతి తేలలేదు' అని రాసుకుంటాడు.

ఆ 'తేలలేదు' అన్న మాట రాయగలగడం చిన్న సంగతి కాదు. జాబితా పెంచుకోవాలన్న ఆశ అందరికీ ఉంటుంది. అరుదైనదాని పేరు రాసుకుంటే పదిమందిలో పేరొస్తుంది. అయితే ఆనవాలు పట్టడంలో రుచి అంతా నియమంలో ఉంది. నియమం వదిలేసి పెంచుకున్న జాబితా, చెడిపోయిన తక్కెడతో తూచిన పంట లాంటిది, బరువు కనిపిస్తుంది కానీ ఎవరూ నమ్మరు.

రోళ్లపాడు పేరు నిజానికి పిల్లిగద్దల వల్ల రాలేదు, బట్టమేక పక్షి వల్ల వచ్చింది. నిలబడితే మీటరు ఎత్తు, మగది 15 కిలోల దాకా తూగే పక్షి, ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో ఒకటి. దాన్ని గుర్తుపట్టడానికి పాండిత్యం అక్కర్లేదు. తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్లటి టోపీ, మగదానికి రొమ్ము మీద నల్లటి పట్టీ. మరి దానిలో పోల్చుకునే పని ఏముంది? ఉంది, తిరగేసి ఉంది. సాధారణంగా ఒకే ఒక్క గుడ్డును నేల మీద పెట్టే ఈ పక్షి దేశం మొత్తం మీద ఇప్పుడు 150 లోపే మిగిలింది, అందులో అత్యధికం రాజస్థాన్‌లో. సాగునీరు వచ్చి పంటల తీరు మారడం, గడ్డినేలలు పొలాలైపోవడం, ఎక్కడికక్కడ కరెంటు తీగలు అడ్డు రావడం దానికి గిట్టలేదు. ముందు ఏముందో సరిగా చూడలేని కంటి అమరిక వల్ల తీగలను తప్పించుకోలేక చనిపోతుంది. రోళ్లపాడు ఆ పక్షి లేని అభయారణ్యంగా మిగిలిపోయింది. కనిపించలేదని రాసిన ప్రతి నమోదూ ఇక్కడ సాక్ష్యమే. ఫలానా తేదీన, ఇన్ని గంటలు, ఫలానా దారిలో నడిచాం, లేదు. ఇలాంటి పొడి వాక్యాలు వరసగా పేరిస్తేనే ఒక జాతి ఎప్పుడు ఎక్కడి నుంచి పోయిందో తెలుస్తుంది. ఆనందం అనే మాట ఇక్కడ నప్పదు, కానీ ఇదీ ఆ పనిలో భాగమే.

అరుదు అన్నది పిట్ట గుణం కాదు, చోటుకూ కాలానికీ సంబంధించిన లెక్క. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని జనం జమ్మిచెట్టు దగ్గర నుంచి పొలాల వైపు నడుస్తారు. (2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి హోదా రామచిలుకకు మారింది. పాలపిట్ట పరువు మాత్రం పండగనాడు తగ్గలేదు.) సరిగ్గా ఆ సెప్టెంబరు, అక్టోబరు రోజుల్లోనే ఐరోపా పాలపిట్ట ఆఫ్రికాకు వలసపోతూ ప్రధానంగా వాయవ్య భారతం మీదుగా వెళుతుంది. రెండింటికీ నీలి రెక్కలే. మన పాలపిట్ట రొమ్ము గోధుమ ఎరుపు, గొంతు మీద చారలు. ఐరోపాదానికి తల, మెడ, పొట్ట అంతా లేతనీలం, వీపు ఇటికరంగు. ఎగిరినప్పుడు మనదాని రెక్కలో ముదురు నీలం, లేత నీలం పట్టీలు తళుక్కుమంటాయి, దానిదేమో కొసలు నల్లగా ఉంటాయి.

తాడిపత్రి దగ్గర తీగ మీద ఒకటి వాలి ఉందనుకుందాం, దూరాన నీలంగా తోచింది. పుస్తకం తిరగేస్తే ఐరోపాదాని బొమ్మకు దగ్గరగా ఉందనిపిస్తుంది. ఇక్కడ తొందరపడకూడని కారణం సూటిగా ఉంది. ఈ ప్రాంతంలో మన పాలపిట్టలు ఏడాది పొడుగునా ఉంటాయి, ఐరోపాది దక్కనులో అరుదైన అతిథి. ఎదురెండలో, ఎక్కువ దూరం నుంచి, రొమ్ము రంగు తప్పుగా కనిపించే అవకాశం, నిజంగా అరుదైనది వచ్చి వాలే అవకాశం కంటే చాలా ఎక్కువ. కాబట్టి అరుదైనదని చెప్పాలంటే మామూలుదానికి అడిగే సాక్ష్యం కంటే పదింతలు గట్టి సాక్ష్యం చూపాలి. ఇది ఎదుటివాడి మాట నమ్మకపోవడం కాదు, లెక్క. ఆ గట్టి సాక్ష్యం చేతికి వచ్చిన రోజు ఉండే సంతోషానికి కారణం కూడా ఈ కాఠిన్యమే. ఎవరేం చెప్పినా ఒప్పుకునే చోట కనుగొనడం అనే మాటకు అర్థం లేదు.

ఇక తప్పుగా పోల్చుకోవడం వల్ల వచ్చే నష్టానికి మంచి ఉదాహరణ హిందూపురం వైపు ఉంది. చిలమత్తూరు మండలం వీరాపురం ఊళ్లో చింతచెట్ల మీద ఏటా పెద్ద కొంగలు గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. పిల్లలను సాకడానికి చెరువుల నుంచి చేపలు మోసుకొస్తాయి. పసుపు ముక్కు, నారింజరంగు తల, తోక దగ్గర గులాబీ ఈకలు ఉన్న ఈ పక్షులు పెయింటెడ్ స్టార్కులు. ఏళ్ల తరబడి వాటిని సైబీరియా కొంగలు అంటున్నారు, పత్రికల్లోనూ అదే వస్తోంది. నిజానికి అవి సైబీరియా మొహం చూడలేదు. ఆ జాతి దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. నీళ్లు, చేపలు ఉన్నచోటుకు దేశం లోపలే తిరుగుతుంది. అసలు సైబీరియా కొంగ రెక్కల కొసల నలుపు తప్ప పూర్తిగా తెల్లగా, ముఖం ఎర్రగా ఉంటుంది. అది చెట్ల మీద గూడు కట్టే జాతే కాదు. మన దేశంలో చివరిసారి రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 2002లో కనిపించింది.

పేరు తప్పయితే ఏం పోయింది, ప్రేమ ఉంది కదా అనొచ్చు. పోయేది ఇదీ: సైబీరియా నుంచి వచ్చాయనుకుంటే, ఒక ఏడు కొంగలు తగ్గితే కారణం సైబీరియాలోనో దారిలోనో ఉందనిపిస్తుంది. అవి ఇక్కడివే అని తెలిస్తే చూపు చుట్టుపక్కల చెరువుల మీదికి వెళుతుంది. వానలు లేక చెరువు ఎండిందా, చేపల వేలం ముందే జరిగిందా, చింతచెట్లు కొట్టేశారా అని అడగాల్సి వస్తుంది. సరిగా ఆనవాలు పట్టడం వల్ల ప్రశ్నలు ఎక్కడ అడగాలో తెలుస్తుంది. పక్షి దూరం నుంచి వచ్చిన చుట్టమైతేనే గొప్ప అనుకునే మనసు కూడా ఇందులో కొంత ఉంది. ఊరి చెరువు చేప తిని బతికే కొంగకు దిగుమతి గౌరవం ఎందుకో.

చెవి సంగతికి వస్తే, ఈ మధ్య పిట్టల గుర్తింపును బాగా మార్చింది ఫోనే. మెర్లిన్ లాంటి యాప్ తెరిచి పట్టుకుంటే వినిపించిన కూతల పేర్లు వరసగా వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది వరమే, ఒప్పుకోవాల్సిందే. అయితే తోటలో పసులపోలిగాడు ఉందనుకోండి. రెండుగా చీలిన తోక ఉన్న ఆ నల్లపిట్ట జాలెడేగ కూతను అచ్చం దించేస్తుంది. ష్రైక్ అనే పిట్టల్లో కొన్ని చుట్టుపక్కల పిట్టలన్నిటి కూతలూ కలిపి పాడేస్తాయి. యాప్ డేగ అని చెప్తుంది, కొమ్మ మీద డేగ ఉండదు. నేర్చినవాళ్లు యాప్ చెప్పిన పేరును తీర్పుగా తీసుకోరు, 'అటు చూడు' అన్న సూచనగా తీసుకుని కళ్లతో వెదుకుతారు.

రాత్రిపూట మాత్రం చెవి తప్ప దిక్కులేదు. ఎండుటాకుల రంగులో నేలకు కరుచుకుని కూర్చునే నైట్‌జార్ పిట్టల్లో మూడు నాలుగు రకాలను కంటితో విడదీయడం నిపుణులకే కష్టం, కూత వింటే మాత్రం పిల్లలు కూడా చెప్పేస్తారు. ఒక్కోసారి గడియారం కూడా సాక్ష్యం అవుతుంది. ఎండునేలల్లో బతికే సాండ్‌గ్రౌజ్ పిట్టల్లో పొట్ట ముదురు గోధుమరంగున్న రకం పొద్దెక్కిన తర్వాత గుంపులుగా కుంటకు దిగి నీళ్లు తాగుతుంది, చారలు తేలిన రకం పొద్దుగూకాక చీకట్లో వస్తుంది. రంగు కనిపించని వెలుతురులో కుంట మీదికి దిగిన నీడలు రెండో రకం అయివుండవచ్చని అప్పుడు ఊహించవచ్చు. వీటిలో మగవి పొట్ట ఈకలను నీళ్లలో తడిపి పిల్లలకు మోసుకెళతాయి. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురం లాంటి నేలలో ఆ విద్య విలువ వేరే చెప్పాలా.

ఇంత తతంగానికి కావాల్సిన సరంజామా తక్కువే. ఎనిమిదింతలు పెద్దగా చూపే, 42 మిల్లీమీటర్ల అద్దాలున్న బైనాక్యులర్ చాలామందికి జీవితాంతం సరిపోతుంది. ఇంతకన్నా పెద్దది చేతుల్లో వణుకుతుంది. ఒక చిన్న పుస్తకం, పెన్సిలు. చూసిన వెంటనే, బొమ్మల పుస్తకం తెరవకముందే, కనిపించినదేదో రాసుకోవాలి. బొమ్మ చూశాక రాస్తే కంటికి కనిపించనివి కూడా కనిపించినట్టు గుర్తొస్తాయి. మనసు చేసే ఈ మాయ కోర్టు సాక్షులకూ తెలుసు, పక్షి పరిశీలకులకూ తెలుసు.

అరుదైనది దొరికాక అసలు పరీక్ష మొదలవుతుంది: ఎవరికి చెప్పాలి? జిల్లా అంతా పంచుకోవాలన్న ఉబలాటం సహజం. పంచుకుంటే మర్నాటికి కెమెరాలు వస్తాయి. గూటి మీద ఉన్న పిట్ట పదిమంది అడుగుల చప్పుడుకు లేచిపోతే ఎండకు గుడ్లు ఉడికిపోతాయి, కాకులు చూస్తాయి. కూత వినిపించి పిలిపించుకోవడం ఇంకో దురలవాటు. పరిశోధనలో కొలిచి, అనుమతితో వాడాల్సిన పద్ధతి అది. ఫోటో కోసం పదేపదే వినిపిస్తే ఆ పిట్ట తన హద్దులోకి శత్రువు వచ్చిందని మేత మానేసి తిరుగుతుంది. కలివికోడి, బట్టమేక రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. లంకమలలో కలివికోడి తిరిగే కచ్చితమైన జాగాలు బయటపెట్టకపోవడం ఈ రంగంలో అందరూ పాటించాల్సిన మర్యాద. పక్షి కూత రికార్డింగునూ, తేదీనీ, జిల్లా పేరునూ చెబితే రుజువుకు చాలు. దారి చెప్పనక్కర్లేదు.

మామూలు నమోదులకు ఈ దాపరికం అవసరం లేదు, అవి ఎంత బయటికి వస్తే అంత మేలు. 2002లో మొదలైన ఈబర్డ్ అనే వెబ్‌సైటులో ఎవరైనా తాము చూసిన పిట్టల జాబితా చేర్చవచ్చు. ఆ చోటికి, ఆ నెలకు అసాధారణమైన పేరు రాస్తే వ్యవస్థ వెంటనే అడ్డం పడి వివరం అడుగుతుంది, ఆ ప్రాంతం తెలిసిన వాలంటీరు పరిశీలకులు ఫోటో అడుగుతారు, ప్రశ్నలేస్తారు. కొత్తవాళ్లలో కొందరికి ఇది అవమానంగా తోస్తుంది. కానీ ఆ ప్రశ్నల వల్లే ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ నమోదును నమ్మగలుగుతారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. కాలేజీ ఆవరణల్లో పిట్టలు లెక్కపెట్టే కార్యక్రమం కూడా అప్పుడే.

జాబితాలు నగరాల చుట్టూ, పేరున్న చెరువుల చుట్టూ గుట్టలుగా పడతాయి. పత్తికొండ, కళ్యాణదుర్గం, బద్వేలు లాంటి చోట్ల ఊరికి నాలుగు మైళ్ల అవతల ఉన్న గుట్టనూ కుంటనూ ఎవరైనా తీరిగ్గా చూశారా అంటే చాలాచోట్ల జవాబు ఉండదు. అక్కడి డిగ్రీ విద్యార్థి ఒకరు ఏడాది పాటు వారానికోసారి ఒకే కుంట దగ్గర ఒకే సమయానికి నిలబడి, కనిపించిన చితవల సంఖ్య, గుడ్డికొంగల సంఖ్య, ఎప్పుడు ఏ బాతు వచ్చింది, ఎప్పుడు పోయింది అని రాసి పెడితే, అరుదైనది ఒక్కటీ రాకపోయినా ఆ పుస్తకం ఆ మండలానికి మొదటి పక్షుల లెక్క కావచ్చు. అరుదైనది ఏదైనా వస్తే దాన్ని పక్కన పెట్టి పోల్చడానికి అప్పటికే అక్కడ మామూలు అంటే ఏంటో తెలిసిన మనిషి ఒకరు ఉంటారు.